ట్రాలీలకే కుర్చీలు

ఏషియన్ సూపర్ మార్కెట్ అంటే నాకిష్టం. అందుకే ఇంత మంట. శనివారం మధ్యాహ్నం ఫుడ్ కోర్టులో నలుగురు కూర్చునే టేబుల్ మీద ఒక బ్యాగు, పక్కనే నిండు ట్రాలీ. మనిషి మాత్రం ఇంకా క్యూలోనే! వేడి సూప్ ట్రే ఒక చేత్తో, చంటిబిడ్డ ఇంకో చంకలో, ఒక తల్లి కుర్చీ కోసం తిరుగుతుంటే ఎవరికీ పట్టదు. ఆ ట్రాలీలో ఫ్రోజెన్ రొయ్యల ప్యాకెట్టు, అడుగున నీళ్లు కారుతూ. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన సరుకది. ముందు తిని తర్వాత కొనుక్కోవచ్చు కదా!

ఇక తేదీలు. ప్యాకెట్టు మీద 26.03.08 అని ఉంటుంది. జపాన్, కొరియా, చైనా సరుకుల మీద ముందు సంవత్సరం వేస్తారు. థాయ్ సరుకైతే ఒక్కోసారి 543 ఏళ్లు ఎక్కువుండే బౌద్ధ శకం. తెలియనివాళ్లు ఏమనుకోవాలి? పైగా దిగుమతిదారు స్టిక్కరు సరిగ్గా ఆ తేదీ మీదే అంటిస్తారు! పదార్థాల జాబితా చీమ తలకాయంత అక్షరాల్లో. వేరుశనగ పడని పిల్లలున్నవాళ్లు గోరుతో గీకి చదువుకోవాలా? ఆ స్టిక్కరు రెండంగుళాలు పక్కకు అంటిస్తే ఎవరి సొమ్మేం పోయింది?