వంటింటికి తాళం వేయండి

మా అన్నయ్య కూతురు ఆరో తరగతి. మొన్న పరీక్షలో ఘన పదార్థానికి ఉదాహరణ రాయమంటే 'కొబ్బరినూనె' అని రాసి అర మార్కు పోగొట్టుకొచ్చింది. జనవరి చలికి సీసాలో చీపురుపుల్ల పెట్టి, గీకి మరీ తలకు రాసుకున్న పిల్ల అది. టీచరుగారు న్యాయమే చేశారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడితే కట్టవచ్చు గానీ, గైడులో అది ద్రవం. గైడుకు చలికాలం రాదు.

అందుకే బడికెళ్లే పిల్లలున్న ప్రతి ఇంట్లో వంటింటికి తాళం వేయాలని నా మనవి. పదార్థానికి ఘనం, ద్రవం, వాయువు అని మూడు స్థితులు. ఇంత చక్కటి వాక్యాన్ని పాడుచేయడానికే అక్కడ ఒక్కో డబ్బా కాచుక్కూర్చుంది. ఉప్పు ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారంలోకి ఒదిగిపోతుంది కదా, మరి ద్రవమేనా బాబాయ్ అంటుంది. కుప్ప ఆకారం మారుతుందే తప్ప ఒక్కో పలుకు తన ఆకారం తాను వదలదని చెప్పబోయి, సిలబస్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఇడ్లీ పిండి సంగతైతే తలవకపోవడమే మంచిది.

దేవుడి గదికీ తాళం పడాలి. కర్పూరం మూత సరిగా పెట్టకపోతే ద్రవం కాకుండానే గాల్లో కలిసిపోతుంది. మధ్య మెట్టు ఎగ్గొట్టే ఇలాంటి పదార్థం నుంచి పిల్లలేం నేర్చుకుంటారు? బీరువాలో కలరా ఉండలదీ అదే బుద్ధి.

ఐసుముక్కలు మరీ ప్రమాదం. వాటిలో థర్మామీటరు పెట్టి కలుపుతూ కూర్చుంది. ఆఖరి ముక్క కరిగేదాకా సున్నా దగ్గర నుంచి కదలదే! ఇంతసేపూ తగిలిన వేడి ఎటుపోయిందని నిలదీసింది. "పై క్లాసులో చెబుతారమ్మా" అన్నాను. నాకూ అలాగే చెప్పారు. పై క్లాసుకెళ్లాక, కింది క్లాసులో చెప్పలేదా అని కొట్టారు.

సూర్యుడు ప్లాస్మా అనే నాలుగో స్థితిలో ఉంటాడనీ, సత్యేంద్రనాథ్ బోస్ 1924లో వేసిన లెక్కల దారిలో పుట్టిన ఇంకో స్థితిని 1995లో అమెరికాలో తయారుచేశారనీ ఆ పిల్ల చెవిన పడకుండా ఇంటిల్లిపాదీ కాపలా కాస్తున్నాం.

నిన్న ఫ్రీజర్‌లో నిండా నీళ్లు పోసి పెట్టిన గాజుసీసా పగిలింది. వదిన తిట్లు మొదలుపెట్టింది. పిల్ల మాత్రం "గడ్డకట్టి పెరిగాయి బాబాయ్!" అని గంతులేసింది. కూర్చోబెట్టి, చల్లబడితే పదార్థాలు కుంచించుకుపోతాయన్న వాక్యం పదిసార్లు రాయించాను.