గీత గారికి ఒక విన్నపం

గోడ మీది గ్రాఫులో నెలవారీ యాక్టివ్ యూజర్ల గీత గారికి,

నమస్కారాలు. సోమవారం ఉదయం మీరు కాస్త కిందికి వంగారు. అప్పటినుంచి మా క్యాబ్ యాప్ ఆఫీసులో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. తమ నుదుటి గీతను ఏనాడూ పట్టించుకోని వారు సైతం గంటకోసారి వచ్చి మిమ్మల్ని చూసి వెళ్తున్నారు.

మీ జబ్బేమిటో కనిపెట్టమని నన్ను పురమాయించారు. ఆడలేనివారికి మద్దెల ఓడు కదా, సమావేశంలో ముందు లాగింగ్ మీద, అంటే యాప్ వాడకాన్ని నమోదు చేసే ఏర్పాటు మీద పడ్డారు. యూజర్లు ఉన్నారట, లెక్కకే అందడం లేదట. అదే నిజమైతే ఏదో ఒక్క వెర్షన్‌లోనో, ఒక రకం ఫోన్లలోనో పడిపోవాలి. విడదీసి చూశాను. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో, పాత వెర్షన్‌లో, కొత్తదానిలో అన్నిచోట్లా ఒకేలా తగ్గింది. ఆ మాట చెప్పగానే అందరి ముఖాలూ వాడిపోయాయి. తర్వాత సెలవులన్నారు, వానలన్నారు. (వాన పడితే గిరాకీ పెరుగుతుందని మన ఛార్జీలే చెబుతాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.)

గీత గారూ, మీ తీరు నాకు తెలుసు. గడిచిన 28 రోజుల్లో ఒక్కసారి యాప్ తెరిస్తే చాలు, ఆ మనిషి మీకు యాక్టివే. బండి దొరికిందా లేదా అన్నది మీకు అనవసరం. ఒకావిడ లెక్క బయటికి తీశాను. 8:52కు తెరిచారు. నాలుగు నిమిషాల్లో బండి వస్తుందన్నాం. 9:01కి మొదటి డ్రైవర్ రద్దు చేశాడు. రెండో ఆయన ఫోన్ చేసి మరీ రద్దు చేశాడు. ఎక్కడికని అడిగి ఉంటాడు. మూడోసారి చూసేసరికి ఛార్జీ పెరిగింది. 9:14కు మూసేశారు. ఆ తర్వాత వరుసలన్నీ ఖాళీ. మీరు మాత్రం ఆవిడను మరో 27 రోజులు యాక్టివ్‌గానే మోశారు. గుమ్మంలో పాత చెప్పులు చూసి మనిషి ఇంట్లోనే ఉందనుకున్నట్టు.

అందుకే తప్పును ఈ వారంలో కాదు, నెల వెనక్కి వెళ్లి వెతికాను. డ్రైవర్ల ఇన్సెంటివ్‌లకు కోత పెట్టిన ఉత్తర్వు దొరికింది. దానివల్ల ఎంత మిగిలిందో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నది కూడా ఇదే గదిలో. మీకొక అక్కగారున్నారు, డ్రైవర్ల గీత. ఆవిడ మీకంటే ముందే వంగారు. వేరే విభాగం గోడ మీద ఉంటారు కనుక పలకరించిన నాథుడు లేడు.

ఇదంతా నివేదికలో రాశాను. పెద్దలు చదివారు, మెచ్చుకున్నారు, మీ నిర్వచనం మార్చాలని తీర్మానించారు. ఇకపై యాప్ తెరవనక్కర్లేదు. మేము పంపిన నోటిఫికేషన్ ఫోన్లో పడితే చాలు, యాక్టివే. వచ్చే సోమవారానికి మీరు నిటారుగా నిలబడతారు. ఆ రోజు మళ్లీ చప్పట్లుంటాయి, సిద్ధంగా ఉండండి.

ఇట్లు,
మీ విశ్లేషకుడు

(నేనూ ఈ నెల యాక్టివ్ యూజర్నే. ఈ ఉదయం యాప్ తెరిచి, కాసేపు చూసి, బస్సెక్కి వచ్చాను.)