బల్గేరియా తీరంలో చరిత్ర అనే న్యూసెన్స్

బల్గేరియా నల్లసముద్రం ఒడ్డున ఓ వారం హాయిగా పడుకుని వద్దామనుకునే అమాయకులకు ముందే ఒక హెచ్చరిక. ఇసుక బావుంటుంది, ఎండ బావుంటుంది, జులైలో నీళ్లూ బావుంటాయి. ఉన్న ఇబ్బందల్లా చరిత్రతోనే. ఎక్కడ గునపం దించినా బయటపడుతుంది, పడిన ప్రతిసారీ పని ఆగిపోతుంది, ప్రొఫెసర్లు దిగుతారు, చుట్టూ తాడు కడతారు. టూరిస్టుల మీద బతకాల్సిన ఊళ్లు దీన్ని ఇన్నాళ్లుగా ఎలా భరిస్తున్నాయో నాకైతే అంతుపట్టదు.

వార్నా సంగతే చూడండి. 1972లో ఊరి శివార్లలో ఎక్స్‌కవేటర్‌తో కందకం తవ్వుతుంటే ఆపరేటర్ కంట్లో ఏవో పసుపుపచ్చ రేకులు పడ్డాయి. ఇత్తడేలే అనుకుని మట్టి కప్పేసి ఉంటే ఏ గొడవా లేకపోను. తీరా చూస్తే దాదాపు 6,500 ఏళ్ల నాటి శ్మశానం, అందులో సుమారు 6 కిలోల బంగారం. మనిషి మలచిన బంగారంలో ప్రపంచంలోకెల్లా పాతవాటిలో ఇదొకటట. 43వ నంబరు సమాధిలోని పెద్దమనిషి ఒక్కడికే కిలోన్నర దిగేశారు. చేతులకు కడియాలు, పట్టుకోవడానికి బంగారు పిడి గొడ్డలి, ఆఖరికి మర్యాదస్థులు పేరెత్తని చోటికి కూడా ఓ బంగారు తొడుగు.

నన్ను కదిలించింది మాత్రం ఈయన వైభవం కాదు. అక్కడి కొన్ని సమాధుల్లో అసలు మనిషే లేడు. ఒక్క ఎముక లేదు, కానీ నగలన్నీ పద్ధతిగా పేర్చి ఉన్నాయి. కొన్నింట్లో మట్టితో ముఖం చేసి దానికి బంగారం అలంకరించారు. లేని మనిషికి ఇంత హంగామా ఎందుకని నవ్వే ముందు, జనవరిలో ఒకసారి ఇదే తీరంలోని సన్నీ బీచ్ అనే రిసార్టుకి వెళ్లి రండి. 2000ల్లో బ్రిటిష్‌వాళ్లూ రష్యన్లూ ఎగబడి కొన్న ఫ్లాట్లు బారులు తీరి ఉంటాయి. సోఫా ఉంది, మైక్రోవేవ్ ఉంది, కవరు తీయని పరుపు ఉంది, మనిషి లేడు, మెయింటెనెన్స్ మాత్రం ఏడాది పొడుగునా కడుతూనే ఉండాలి. ఈ తీరంలో ఆరున్నర వేల ఏళ్లుగా చెక్కుచెదరని సంప్రదాయం ఏదైనా ఉందంటే అది ఇదే, కానీ యునెస్కో కంటికి ఆనలేదు.

యునెస్కోకి ఆనింది పక్కనే ఉన్న నెసెబర్. 1983లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కించారు. ఎర్ర ఇటుక వరస, తెల్లరాయి వరస, తోరణాల చుట్టూ ఆకుపచ్చ మెరుగు పెట్టిన మట్టి బిళ్లలు, ఇలా ఓపిగ్గా కట్టిన మధ్యయుగపు చర్చిలు. వాటి గోడలకు దాదాపు ఆనుకునే నకిలీ బ్రాండు బ్యాగులు, ఫ్రిజ్ మ్యాగ్నెట్లు, గాలి నింపిన ప్లాస్టిక్ మొసళ్లు. ఇలాగైతే కష్టమని యునెస్కో కమిటీ చాలాసార్లు గొణిగింది. పాపం, మొసలి అమ్ముకునేవాడి బాధ కమిటీకేం తెలుసు?

సొజోపోల్‌లో పరిస్థితి మరీ ఘోరం. పాతకాలపు గ్రీకులు అక్కడ 13 మీటర్ల అపోలో కంచు విగ్రహం నిలబెడితే, క్రీ.పూ. 72లో లుకుల్లస్ అనే రోమన్ సేనాని దాన్ని ఊడబెరికి రోముకి పట్టుకుపోయాడు. సూవెనీరు కోసం వచ్చిన తొలి విదేశీయుడు ఆయనే అయ్యుండాలి, బిల్లు మాత్రం కట్టలేదు. 2010లో పక్క దీవిలో బాప్తిస్మమిచ్చు యోహానువని చెబుతున్న ఎముకలు దొరికాయి. 2012లో అదే ఊళ్లో, గుండెలో ఇనప ముక్క దించి పాతిపెట్టిన అస్థిపంజరం ఒకటి బయటపడింది, రక్తపిశాచిగా లేచి రాకుండా చేసిన ఏర్పాటట. రెండేళ్లలో ఇటు పరిశుద్ధుడూ అటు పిశాచమూ! ఏ హోటల్ మేనేజరు తట్టుకోగలడు ఈ టెన్షన్?

పేర్ల గోల సరేసరి. వార్నా 1949 నుంచి 1956 దాకా 'స్టాలిన్'. దాని పక్కనున్న ద్రుజ్బా అనే రిసార్టు కమ్యూనిజం పోగానే సెయింట్స్ కాన్‌స్టంటైన్ అండ్ హెలెనా అయిపోయింది. బాల్చిక్ అయితే 1940 దాకా రుమేనియా చేతిలో ఉండేది. అక్కడ సముద్రం ఒడ్డున మినార్‌తో సహా మేడ కట్టుకున్న రుమేనియా రాణి మేరీ, తన గుండెను అక్కడి చర్చిలోనే ఉంచమని కోరి 1938లో పోయింది. రెండేళ్లకే సరిహద్దు జరిగింది, రాణిగారి గుండె కూడా రుమేనియాకి తరలిపోయింది.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి: ఇక తవ్వకాలు ఆపించండి. చరిత్ర కావాలంటే వంటింట్లో తయారు చేయించండి, ఆ అనుభవం మీకు బాగానే ఉంది. తరతరాల పల్లెరుచి అని ప్రతి టేబుల్ మీదా పెట్టే షోప్‌స్కా సలాడ్ పుట్టింది 1950ల్లో, ప్రభుత్వ టూరిజం సంస్థ బల్కన్‌టూరిస్ట్ చేతుల మీదుగా. టమాటా, కీరా, పైన తురిమిన తెల్ల చీజ్, వెరసి జాతీయ జెండా రంగులు. ఎముకల్లేవు, ప్రొఫెసర్లు అక్కర్లేదు, పక్కదేశం వచ్చి మాదనదు. అన్నా మరో ప్లేటు చేసుకోవచ్చు, 2026 జనవరి నుంచి బిల్లు కూడా యూరోల్లోనే.