గ్రీన్ మ్యాట్ గారి మీద ఫిర్యాదు, గ్రీన్ మ్యాట్ గారికే

మహారాజశ్రీ గ్రీన్ మ్యాట్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా ఏదో ఒక స్టూడియోలో, నటుల వెనక కట్టే ఆకుపచ్చ గుడ్డగా, గోడకి వేలాడుతూ క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

ముందుగా మీరు చేసిన మేళ్లు ఒప్పుకుంటాను. మా హీరోలు హైదరాబాద్ పొలిమేర దాటకుండా మంచుకొండలెక్కారంటే అది మీ చలవ. జలపాతం మీంచి దూకినా క్రాఫు చెదరలేదంటే మీ దయ. సీన్ మరీ తేలిపోయినప్పుడు "గ్రీన్ మ్యాట్ తెలిసిపోతోంది" అని థియేటర్లో గొణుక్కుంటాం, అంతకు మించి మిమ్మల్ని ఎప్పుడైనా ఒక మాట అన్నామా? టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి బంగాళాఖాతంలో అల్పపీడనం చూపిస్తుంటే ఆవిడ వెనకాల ఉండేది కూడా మీరేనని తెలుసు. అవన్నీ పెద్ద సంస్థలవాళ్లు పెద్ద బడ్జెట్‌తో చేసే మర్యాదస్తుల అబద్ధాలు. వాటితో నాకు పేచీ లేదు.

నా పేచీ అల్లా న్యూయార్క్‌లో, క్వీన్స్ వైపు, ఒక మామూలు అపార్ట్‌మెంట్‌లో మీరు చేసిన పని గురించి. అపాయింట్‌మెంట్ లేని మనిషిని తీసుకెళ్లి డొనాల్డ్ ట్రంప్‌కి ఎదురుగా కూర్చోబెట్టారు. ఒకసారి పొరపాటున జరిగిందంటే సరిపెట్టుకునేవాళ్లం. ఏళ్ల తరబడి అదే పని.

ఆ మనిషి పేరు రాండీ రెయిన్‌బో. కమెడియన్, గాయకుడు, గే. రెయిన్‌బో అనేది స్టేజి మీది పేరనుకున్నారేమో, అసలు ఇంటిపేరే అది, తండ్రి నుంచి వచ్చింది. గే కుర్రాడికి ఇంద్రధనుస్సని ఇంటిపేరు పెట్టి ఎవరైనా కథ రాస్తే, మరీ అతిగా ఉందని మన ఎడిటర్లు తిప్పి పంపేవారు. దేవుడికి ఎడిటర్ లేడు.

1981లో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో పుట్టాడు, చిన్నప్పుడే ఫ్లోరిడా చేరాడు. వాళ్ల అమ్మమ్మ టీవీ ముందు కూర్చుని తెర మీది పెద్దమనుషులకి ఎదురు సమాధానాలు చెబుతూ దులిపేసేదట. సీరియల్లో అత్తగారిని శాపనార్థాలు పెట్టే మన అమ్మమ్మల లాగే అన్నమాట. ఆ విద్యే తనకి వచ్చిందంటాడు. న్యూయార్క్‌లో పాటలతో ఆడే బ్రాడ్వే నాటకాల మీద మోజుతో ఇరవైలలో అక్కడికి వచ్చి, ఆ నాటకాలు తీసేవాళ్ల ఆఫీసులో రిసెప్షనిస్టుగా కుదిరాడు. స్టేజికి అంత దగ్గరగా కూర్చుని ఫోన్లెత్తడం ఎలాంటి శిక్షో, అవకాశాల కోసం కృష్ణానగర్‌లో గది తీసుకుని ప్రొడక్షన్ ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లని అడిగితే చెబుతారు.

2010లో మెల్ గిబ్సన్ అనే హాలీవుడ్ హీరో తన ప్రియురాలిని ఫోన్లో బూతులు తిట్టిన టేపులు బయటికొచ్చాయి. రాండీ ఆ టేపుల మధ్యలో తన గొంతు ఇరికించి, ఆ మహానుభావుడితో తనే ప్రేమాయణం నడుపుతున్నట్టు వీడియో చేశాడు. జనం పగలబడి నవ్వారు. అప్పటికి కిటుకు దొరికిపోయింది: అవతలివాడి మాట ఒక్కటి కూడా మార్చక్కర్లేదు, దాని ముందుండే ప్రశ్న మారిస్తే చాలు.

తర్వాత మీరు రంగంలోకి దిగారు. ప్రెస్‌మీట్‌లో నాయకుడు నిజంగా అన్న మాటల ముక్కని రాండీ తీసుకుంటాడు. మీ ముందు నిలబడి తన ప్రశ్న రికార్డు చేసుకుంటాడు. మిమ్మల్ని చెరిపేసి ఆ స్థలంలో న్యూస్ స్టూడియో పెడతాడు. కళ్లు ఎటు చూడాలో, వెలుతురు ఎటునుంచి పడాలో, మీ పచ్చదనం చెంపల మీద పడకుండా ఎంత దూరం నిలబడాలో, అన్నీ తనే చూసుకుంటాడు. ఇంటర్వ్యూ వేడెక్కగానే పాట అందుకుంటాడు. ట్యూను ఏదో పాత బ్రాడ్వే నాటకానిది, మాటలు ఆ వారం వార్తలవి. రాయడం, పాడడం, తీయడం, కత్తిరించడం అన్నీ ఒక్కడే. ఈలోగా టీవీ చానళ్లలో ఇదే పనికి ఒక గదినిండా రచయితలు, ఇంకో గదినిండా లాయర్లు.

2016 సెప్టెంబర్‌లో హిల్లరీ క్లింటన్‌కీ ట్రంప్‌కీ మొదటి డిబేట్ జరిగింది. జరిగింది రాండీ పుట్టిన లాంగ్ ఐలండ్‌లోనే, కానీ ఆయన్ని ఎవరు పిలుస్తారు? తనే పెత్తనం తీసుకుని, మీ సాయంతో ఆ డిబేట్ తనే నడిపినట్టు వీడియో చేసి, ట్రంప్ ఆ రాత్రి వాడిన ఒక బారెడు మాటని పల్లవి చేసుకుని పాడాడు. రెండు రోజుల్లో 2.8 కోట్ల మంది చూశారని పేపర్లు రాశాయి. ఆ డిబేట్‌ని నిజంగా నడిపిన పెద్దమనిషి మీద ఇన్ని పాటలు రాలేదు.

ఇప్పుడు అసలు నేరం. మీ సిద్ధాంతం లోకానికంతా తెలుసు: మీ రంగు వేసుకున్నవాడు మాయం. పచ్చ చొక్కా తొడుక్కొస్తే ఒళ్లు పోయి తలా చేతులూ మిగులుతాయి. గే మనుషుల విషయంలో లోకం కూడా ఇదే పద్ధతి నడిపింది. గోడ రంగు వేసుకో, కనపడకు, మేమూ ఏమీ అనం. ఎంత చక్కటి ఒప్పందం! అలాంటిది ఈయన మీ ముందుకి గులాబీ రంగు కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు, పిల్లి కళ్ల ఆకారంలో ఉండేవి. రంగుల చక్రంలో మీకు సరిగ్గా ఎదురుగా కూర్చునేది ఆ గులాబీ వైపే. ఎంత ప్రయత్నించినా మీరు దాన్ని మింగలేరు. కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు చుక్కల్లో రెండు మీ పచ్చకే కేటాయించారు కదా, అంత పలుకుబడి ఉండి కూడా ఒక కళ్లజోడుని ఆపలేకపోయారు.

మా దగ్గర ఇలాంటి గందరగోళం లేదు సుమండీ. మా టీవీ కామెడీలో మగాడు లేడీ గెటప్ వేసుకుని నడుం తిప్పితే చాలు, జడ్జీలు కుర్చీలోంచి జారిపోయి నవ్వుతారు. అక్కడ నవ్వు ఆ గెటప్ మీద. రాండీ వీడియోలో కూడా వగలు, కన్నుకొట్టడాలు, నెత్తిన ఈకలు అన్నీ ఉంటాయి, కానీ నవ్వు మాత్రం ఎదుటి కుర్చీలో సూటు వేసుకున్నవాడి మీద పడుతుంది. ఇలా నవ్వుకి దిక్కు మార్చడం మా సంప్రదాయం కాదు.

ఆయన్ని నెత్తికెక్కించుకోమని కూడా నేననను. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ రోజుల్లో, న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ కువోమో రోజూ టీవీలో ధైర్యం చెబుతుంటే మురిసిపోయి ఆయన మీద ప్రేమగీతం పాడాడు. గవర్నర్‌గారి మీద లైంగిక వేధింపుల ఆరోపణలొచ్చి 2021 ఆగస్టులో రాజీనామా చేశారు. 2020లోనే రాండీ పాత ట్వీట్లు కూడా బయటపడ్డాయి. నల్లజాతివాళ్ల మీద, ట్రాన్స్ మనుషుల మీద పదేళ్ల కిందట వేసిన చవకబారు జోకులు. సిగ్గుపడుతున్నానని క్షమాపణ చెప్పాడు. వెనకాల దృశ్యం మార్చడం వరకే మీ పని, వెనకటి రాతలు మార్చడం మీవల్ల కాదు.

అవార్డుల సంగతి కూడా వినండి. 2019 నుంచి 2022 దాకా వరసగా నాలుగేళ్లు టీవీవాళ్ల పెద్ద అవార్డు ఎమ్మీకి నామినేట్ అయ్యాడు. ఒక్కటీ రాలేదు. పాటల ఆల్బమ్‌కి రికార్డులవాళ్ల అవార్డు గ్రామీ నామినేషన్ వచ్చింది, అదీ అంతే. మరి కువోమోగారికో? టీవీలో రోజూ కోవిడ్ లెక్కలు చెప్పినందుకు 2020 నవంబర్‌లో అంతర్జాతీయ ఎమ్మీ ఇచ్చారు! రాజీనామా తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి. పేరడీ పాడినవాడికి చప్పట్లు, పాడించుకున్నవాడికి అవార్డు బొమ్మ. టీవీ పరిశ్రమకి హాస్యం తెలియదని ఎవరన్నారు?

ఇక మీరు చేసిన మరో అపకారం: ఆయన్ని ట్రంప్‌కి కట్టిపడేశారు. పుస్తకాలు రాశాడు, ఊరూరా టికెట్టు పెట్టి షోలు చేశాడు, అయినా జనం అడిగేది "మళ్లీ ఆయన మీద పాటెప్పుడు?" అనే. ఒక నాయకుడు ఓడిపోతే ఇంత మంది ప్రతిపక్షం వాళ్లకి పని తగ్గడం ప్రజాస్వామ్యంలో కొత్త రకం నిరుద్యోగం. 2024లో ఓటర్లు దాన్ని పరిష్కరించారు.

చివరికి ఏమైందో చూడండి. ట్రంప్ మీద జోకులేసే టీవీ కమెడియన్లలో నిజమైన కుర్చీ ఉన్నవాళ్లకే కాళ్లు వణికాయి. స్టీఫెన్ కోల్బేర్ అర్ధరాత్రి షోని 2026 మేలో ఆపేస్తామని 2025 జులైలో సీబీఎస్ చానల్ ప్రకటించింది, కారణం డబ్బు లెక్కలేనట. సెప్టెంబర్‌లో జిమ్మీ కిమ్మెల్ షోని ఏబీసీ చానల్ కొన్నాళ్లు పక్కన పెట్టి, గొడవయ్యాక మళ్లీ తెచ్చింది. రాండీకి ఇచ్చిన కుర్చీ లేదు కాబట్టి లాక్కోవడానికీ లేదు. ఆయనకీ ఓనర్లున్నారు, ఫేస్‌బుక్, యూట్యూబ్ వాళ్లు. కాకపోతే వాళ్లు అద్దె వ్యూస్‌లో వసూలు చేసుకుంటారు.

ఇంత రాశాక మీ మీద చర్య తీసుకోమని కోరాలి, అది లేఖా మర్యాద. కానీ చిన్న సమస్య. మా దేశంలో 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, గే బంధాలని నేరమన్న 377 సెక్షన్ పట్టు సడలించింది. ఇష్టపడి కలిసే పెద్దవాళ్లు ఇక నేరస్తులు కారు. ఇప్పుడు గుంటూరులోనో ఖమ్మంలోనో ఒక కుర్రాడు తలుపు గడియపెట్టుకుని, మిమ్మల్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, గోడకి మేకులు కొడుతున్నాడేమో నాకేం తెలుసు? మా నాయకులు ప్రెస్‌మీట్లో ప్రశ్న పూర్తవకముందే లేచిపోతారు. జవాబులు మాత్రం మైకుల ముందు బోలెడన్ని వదిలేసి వెళతారు. ప్రశ్నలకే కొరత.

కాబట్టి ఫిర్యాదు సంగతి తర్వాత చూద్దాం. మడతపెట్టి కొరియర్‌లో పంపితే మీ ఒంటి మీద గీతలు పడతాయి, గీతలుంటే నీడలొస్తాయి, నీడలుంటే కుర్రాడి జుట్టు చుట్టూ అంచులు చిరిగిపోయి కనిపిస్తాయి. దయచేసి వెళ్లగానే ఇస్త్రీ చేయించుకోండి.

ఇట్లు,
థియేటర్లో గొణుక్కునేవాళ్లలో ఒకడు