బండి పోయి డిపో వచ్చింది సరే, సంచిలో పప్పేది?

2021 జనవరిలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర జెండా ఊపి ఇంటింటికీ సరుకులిచ్చే రేషన్ బళ్లను రోడ్డెక్కించారు. రాష్ట్రమంతటికీ 9,260. 2025 జూన్ 1 నుంచి వాటిని ఆపేసి మళ్లీ చౌక దుకాణాల్లోనే, అంటే డిపోల్లోనే, సరుకులు ఇస్తున్నారు. ఇంటికొచ్చే రేషన్ లాగేసుకున్నారని వైసీపీ, అక్రమాలకు అడ్డుకట్ట వేశామని కూటమి ప్రభుత్వం. ఈ వాదన ఇంకా తెగలేదు.

నా మటుకు డిపోలే నయం. ఇంటింటికీ అన్న మాటేగానీ బండి ఆగేది వీధి మొదట్లోనే. గుణదల, చిట్టినగర్ వైపు కొండమీది ఇళ్లకు మెట్లే దారి, బండి ఎలా ఎక్కుతుంది? అది ఎప్పుడొస్తుందోనని కాచుక్కూర్చుంటే ఆ పూట కూలి పోయినట్టే. ఇప్పుడు నెలలో 1 నుంచి 15 దాకా, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 వరకు డిపో తెరవాలి. ఆటోనగర్ షెడ్డులో పనిచేసేవాళ్లు డ్యూటీ దిగాక వెళ్లి తెచ్చుకోవచ్చు. 65 దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే ఇవ్వాలన్న నిబంధనా ఉంది. డీలర్లు అది పాటించేలా చూడాలి, అంతే.

నాకు పట్టింపు సంచిలోని సరుకు గురించి. మనిషికి 5 కిలోల బియ్యం, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకైతే 35 కిలోలు, 2023 నుంచి ఉచితం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైనప్పుడు కడుపు నిండితే చాలనుకున్నాం. ఇప్పుడు నలుగురున్న ఇంటికి 20 కిలోల బియ్యం వస్తుంది, కందిపప్పు దగ్గరికొచ్చేసరికి "ఈ నెల స్టాక్ రాలేదమ్మా" అంటారు. వచ్చినా కార్డుకు కిలోనే. అందుకే స్టోరు బియ్యం కొనేవాళ్లు టూవీలర్ల మీద సందుల్లో తిరుగుతుంటారు. అమ్మినవాళ్లను దొంగల్లా చూడ్డం అన్యాయం, ఆ డబ్బుతో వాళ్లు కొనేది పప్పూ నూనే.

పోషకాలు కలిపిన బియ్యం ఇచ్చాం కదా అంటారు అధికారులు. కడిగేటప్పుడు పైకి తేలిన గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని చాలా ఇళ్లలో ఏరి పారబోశారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 ఉన్నవి సరిగ్గా ఆ గింజలే! డీలరు దగ్గర ఒక్క మాట చెప్పేవాళ్లుంటే ఈ నష్టం ఉండేది కాదు.

బియ్యం భారం ఎక్కువగా కేంద్రానిది, పప్పు మాత్రం రాష్ట్రమే చూసుకోవాలి. బళ్లకు నెలనెలా పెట్టే ఖర్చు ఆగింది కాబట్టి ఆ డబ్బు పప్పు మీద పెట్టొచ్చు. ముందు విజయవాడ కొండ ప్రాంతాల డిపోల్లో ప్రతి నెలా తప్పకుండా రెండు కిలోలు ఇచ్చి చూడండి. బియ్యం కొనే టూవీలర్లు ఆ సందుల్లో తగ్గాయో లేదో మూడు నెలల్లో తేలిపోతుంది.