అక్వేరియం గ్లాసు మీద గీతలు కనపడగానే మందు సీసా ఎత్తకండి బాబూ

నిన్న రాత్రి పదకొండింటికి ఒక తమ్ముడు ఫోటో పంపాడు, "అన్నా గ్లాసు మీద తెల్లగా ఏదో పట్టింది, ఫంగసా, ఏం మందెయ్యాలి" అని. జూమ్ చేసి చూస్తే సెరిత్ నత్త గుడ్లు. ఉప్పునీళ్ళ ట్యాంక్ పెట్టినవాడు ఎవడైనా ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది, దీనికి జవాబులూ రెండే, "పురుగు గుడ్లు బ్రో, మందు కొట్టు" అని ఒకడు, "లక్కీ బ్రో, పిల్లల్ని అమ్ముకో" అని ఇంకొకడు. మొదటివాడి మాట విని నేను ఒక్క రాత్రిలో 11 నత్తల్ని చంపుకున్నా, అందుకే ఈ కడుపుమంట.

మాది విశాఖ. సముద్రం కనపడే ఊళ్ళో కూర్చుని బకెట్లో ఉప్పు కలుపుకుంటున్నాడు వీడు అని మా నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పి మరీ నవ్వుతాడు (బీచ్ నీళ్ళల్లో ఏమేం కలుస్తాయో ఆయనకీ తెలుసు). మూడడుగుల ట్యాంక్, 180 లీటర్లు. ఒకరోజు పొద్దున్నే మా అమ్మ, "ఒరేయ్, నీ అద్దాలపెట్టె మీద ఎవరో ముగ్గుపిండితో గీశార్రా" అంది. వెళ్ళి చూస్తే సన్నటి తెల్లదారం, మిషన్ మీద జిగ్‌జాగ్ కుట్టేసినట్టు అటూ ఇటూ మెలికలు. ఫోటో తీసి షాపాయనకి చూపిస్తే "పారసైట్ సార్" అని ఒక సీసా చేతిలో పెట్టాడు, నేనూ లేబుల్ చదవకుండా పోసేశా. అది కాపర్ మందు. చేపలకి తెల్లమచ్చలు వస్తే విడిగా వేరే ట్యాంక్‌లో పెట్టి వాడాల్సింది, నత్తలకీ రొయ్యలకీ పగడాలకీ అది విషం. తెల్లారేసరికి ఇసక మీద నత్తలన్నీ వెల్లకిలా పడున్నాయి, మూత తియ్యగానే వచ్చిన ఆ కంపు ఇప్పటికీ గుర్తే. పైగా రాళ్ళూ ఇసకా కాపర్‌ని పీల్చుకుని కూర్చుంటాయి, అన్నీ పారేసి మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టా.

సరే, మందు కొనేముందు ఒక్కసారి దగ్గరికెళ్ళి చూడండి. మెలికల దారంలా, సేమ్యా అంటించినట్టు ఉంటే సెరిత్. ఉడికిన సగ్గుబియ్యాన్ని వేలితో నొక్కినట్టు, కింద అతుక్కుని వరసగా చిన్నచిన్న సంచుల్లా ఉంటే నసారియస్, అదే, పగలంతా ఇసకలో దాక్కుని తొండం ఒక్కటే పైకి పెట్టి, మేత పడగానే సమాధుల్లోంచి లేచినట్టు లేచొస్తుందే, ఆ మహానుభావుడు. నువ్వుగింజల్లా తెల్లగా గట్టిగా, గోరుతో గీకినా ఊడకపోతే నెరైట్. ఇవేవీ రోగం కాదు, నత్తకి తిండి సరిపోతోంది, నీళ్ళు పడ్డాయి అని అర్థం.

ఇంక పిల్లలమ్మే బిజినెస్‌గాళ్ళ సంగతి. నసారియస్, నెరైట్ గుడ్లలోంచి మామూలుగా వచ్చేది బుల్లి నత్త కాదయ్యా, నీళ్ళల్లో తేలుతూ ఈదే లార్వా. వారాల తరబడి కంటికి కనపడని నాచు తింటూ బతకాలి, అది మన ట్యాంక్‌లో ఎక్కడుంది? ఈలోపు పంపు, ఫిల్టర్ గుడ్డ, స్కిమ్మర్ (నీళ్ళల్లో మురికిని నురగగా లాగేసే మిషన్), పగడాల నోళ్ళు, ఇన్ని గండాలు దాటాలి. పోతే పోయాయి, పగడాలకి ఫ్రీ భోజనం, నాకేం బాధలేదు. సెరిత్‌లలో మాత్రం కొన్ని రకాలు గుడ్డులోంచే బుజ్జి నత్తలుగా వచ్చేస్తాయి, అవి నిలబడతాయి.

అసలు తమాషా ట్రోకస్ అనే నత్తది. అది గ్లాసుకి ఏదీ అంటించదు, సరాసరి నీళ్ళల్లోకే వదిలేస్తుంది. రాత్రిపూట మగది గ్లాసు పైదాకా పాకి సిగరెట్ పొగలా తెల్లగా వీర్యం వదలడం మొదలెడుతుంది, అది చూసి (చూసి కాదులే, నీళ్ళల్లో తెలిసి) ఇంకోటి, ఆడవి గుడ్లు, గంటలో ట్యాంకంతా మసక. మొదటిసారి మా అమ్మ "పాలు పోశావా ఏంట్రా" అంది. అప్పుడు కూడా మందు పొయ్యకండి, స్కిమ్మర్ ఆన్‌లో ఉంచండి చాలు, తేరుకుంటుంది. వీటి లార్వాకి తిండి పెట్టక్కర్లేదు, గుడ్డులో తెచ్చుకున్న సద్దిమూటతోనే కొద్దిరోజులు గడిపి రాయి మీద దిగిపోతుంది, అందుకే ఇళ్ళల్లో కూడా బతికేది ఇదే. పలావు, వనువాటు లాంటి పసిఫిక్ దీవుల్లో వీటికి హేచరీలే (గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రాలు) ఉన్నాయి, మన అండమాన్‌లో కూడా ఒకప్పుడు వీటిని తెగ పట్టారు, దేనికనుకున్నారు, చొక్కా గుండీలకి! ఆ మెరిసే గుండీలు ఈ గుల్లలోంచి కోసినవే.

అలాగని కనపడ్డ ప్రతి బుల్లి నత్తా మనింటి బిడ్డేనని మురిసిపోవద్దు. రాత్రి టార్చ్ వేస్తే వడ్లగింజంత తెల్ల నత్తలు మీ ట్రోకస్ గుల్ల అంచు దగ్గర గుంపుగా కనపడితే అవి రక్తం తాగే రకం కావచ్చు, వాటిని ఏరి పారెయ్యండి, మెత్తటి బ్రష్షుతో, చేత్తో. మందుతో కాదు అని మళ్ళీ చెప్పాలా?

కొత్తగా పెట్టుకున్న ట్యాంక్‌లో ట్రోకస్‌లు పొగ వదిలిన మూడు నెలలకి, వెనక పైపు మీద ఆవగింజంతవి రెండు కనపడ్డాయి. మా నాన్న కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూసి, "రెండు కాదురా, మూడు" అన్నాడు.