కరెంటు తీసిన నీళ్లలో సారం పోదు

ఈ వారంలో ఆ వాట్సాప్ సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. సీలేరులో జెన్‌కో జలవిద్యుత్తు పెంచుతోందని, ఊరూరా సోలార్ పలకలు వస్తున్నాయని, రెండూ కలిసి రైతును ముంచుతాయని అందులో ఉంది. ఐదుసార్లు ఊరుకున్నాను. ఆరోసారి పంపింది మా చిన్నాన్న. నరసన్నపేట దగ్గర వంశధార ఎడమ కాలువ కింద ఆయనకు ఎకరంన్నర పొలం ఉంది. "రేపు మన కాలువకూ ఇదే గతట. ఆ నీళ్లు నారుమడికి పెట్టవచ్చా బాబూ?" అని ఫోను చేసి అడిగారు. యాభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి నోట ఆ మాట రప్పించిన వాళ్ల మీద నాకు కోపం వచ్చింది.

"కరెంటు తీసేసిన నీటిలో సారం ఉండదు, పైరు ఎదగదు" అట. చిన్నాన్నకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. తూము ఎత్తినప్పుడు నీళ్లు దూకే చోట అరచెయ్యి అడ్డం పెట్టండి. చెయ్యి వెనక్కి పోతుంది, భుజం దాకా లాగుతుంది. వేళ్ల సందుల్లోంచి జారి బోదెలో పడిన నీళ్లకు తగ్గింది దూకుడు ఒక్కటే. టర్బైను రెక్క కూడా ఆ దూకుడునే తీసుకుంటుంది. నీళ్లలో కరిగి ఉన్న దేనినీ అది ముట్టుకోదు.

ఇంకా అనుమానముంటే గోదావరి డెల్టా వైపు చూడండి. సీలేరుకు ఎగువన ఉన్న మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. ఆ నీళ్లే ఎగువ సీలేరులో, డొంకరాయిలో, దిగువ సీలేరులో మళ్లీ మళ్లీ టర్బైన్లు తిప్పి, శబరిలో కలిసి, గోదావరిలోకి చేరతాయి. గోదావరిలో నీరు తగ్గిన ఏడాది దాళ్వా (రెండో పంట) రైతులు ఎదురుచూసేది ఈ సీలేరు నీటి కోసమే. అన్ని టర్బైన్లు దాటిన నీటితో అక్కడ వరి పండుతుంటే ఇక్కడ మాత్రం ఎండిపోతుందా?

ఒకటి ఒప్పుకోవాలి. ఆనకట్ట వెనుక నీరు నిలిస్తే ఒండ్రు అడుక్కి దిగిపోతుంది, కిందికి తేట నీరే వస్తుంది. పూర్వం వరద తెచ్చిన బలం ఇప్పుడు రావడం లేదని పెద్దలు అంటే అది నిజమే. ఈ పుకారు అక్కడే పుట్టి ఉంటుంది. కానీ అది నీరు నిలవ చేయడం వల్ల వచ్చే నష్టం. ఒక్క టర్బైను కూడా లేని జలాశయంలోనూ అదే జరుగుతుంది.

సోలార్ పలకలు ఎండను పీల్చేసి వానలు ఆపుతాయట. మన వానలు బంగాళాఖాతం అల్పపీడనాలతో వస్తాయి, మేడల మీద నుంచి కాదు. పలకలు పిడుగును పిలుస్తాయన్నదీ అంతే. సరైన ఎర్తింగు ఉంటే చాలు. ఉరుము వినగానే పొలం వదిలి ఇంట్లోకి రండి, తాడిచెట్టు కింద నిలబడకండి. ప్రాణాలు పోయేది అక్కడ.

చివరిది, పంప్‌డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి) తయారు చేసే కరెంటు కన్నా తాగేదే ఎక్కువ అని. నిజం! నీరు పైకి తోడడానికి 100 యూనిట్లు పెడితే తిరిగి వచ్చేది 75, 80. ఎగువ సీలేరులో తలపెట్టిన 1,350 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజీదీ ఇదే లెక్క. మధ్యాహ్నం సోలార్ కరెంటు వాడేవాళ్లు లేక మిగులుతుంది, సాయంత్రం ఏడింటికి ఇంటింటా దీపాలు వెలిగే వేళకు ఎండ ఉండదు. మిగిలినదాన్ని దాచుకోవడానికి కట్టే సుంకం ఆ నష్టం.

ఆ సందేశం రాసినవారికి నిజంగా జనం మీద ప్రేమ ఉంటే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఇలాంటి పంప్‌డ్ స్టోరేజీ ప్రాజెక్టులే మన సాలూరు వైపు కొండల్లోనూ ప్రతిపాదించారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఏ గూడెంలో సభ పెట్టారు, ఎవరి పోడు భూమి మునుగుతుంది, వాళ్లకు ఏమిస్తారు? అంత పొడవైన సందేశంలో గిరిజనుల గురించి ఒక్క మాట లేదు.